అయిదో పెనాల్టీ కొట్టినవాడు
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు కూడా ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఫుట్‌బాల్ మీద ఏదైనా మాట్లాడమన్నారు. మెస్సీ గురించో రొనాల్డో గురించో వినొచ్చని వచ్చినవాళ్లకు ముందే చెప్పేస్తున్నాను, ఇవాళ నా కథానాయకుడు ఒక డిఫెండర్. పేరు ఫరూక్ హజిబెగిచ్. ఫరూక్ అనగానే మన పాతబస్తీ మనిషి అనిపిస్తుంది గానీ ఊరు సరయేవో, బోస్నియా రాజధాని. 1957 అక్టోబర్ 7న పుట్టాడు. యుగోస్లావియా తరఫున 61 మ్యాచ్‌లు ఆడి 6 గోల్స్ కొట్టాడు. ఆ దేశం ఇప్పుడు లేదు. బోస్నియా తరఫున ఆటగాడిగా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, కానీ రెండుసార్లు ఆ జట్టుకు కోచ్ అయ్యాడు.

యూట్యూబ్‌లో ఇతని పేరు కొడితే ముందు వచ్చేది ఒకే వీడియో. 1990 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్, అర్జెంటీనా మీద మిస్ చేసిన పెనాల్టీ. ఇటలీ జర్నలిస్టు ఒకరు ఆ ఒక్క కిక్కు చుట్టూ ఏకంగా పుస్తకమే రాశారు. దాన్ని గోల్ చేసి ఉంటే యుగోస్లావియా ముక్కలయ్యేది కాదని అనేవాళ్లు బాల్కన్ దేశాల్లో ఇప్పటికీ ఉన్నారు. ఒక మనిషి నెత్తిన ఇంతకంటే పెద్ద బండ పెట్టలేం. అతని కెరీర్ మొత్తాన్ని ఆ కిక్కుతో కొలిచేవాళ్లు ఆ కిక్కును కూడా సరిగా చూడలేదన్నది నా అభిప్రాయం. దాని దగ్గరికి వెళ్లే ముందు అతను పెరిగిన ఆట గురించి కొంచెం చెప్పాలి.

యుగోస్లావియా అంటే ఆరు రిపబ్లిక్‌లు కలిసిన దేశం: స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా, సెర్బియా, మాంటెనెగ్రో, మాసిడోనియా. ఫుట్‌బాల్‌లో వాళ్లకు ‘యూరప్ బ్రెజిల్’ అని పేరు. ఆ సంగతి మన హైదరాబాద్‌కు కాస్త బాధగానే తెలుసు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు వాళ్ల చేతిలో 10–1తో ఓడింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా దిగారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో సెమీ ఫైనల్‌కు వెళ్లాం. అక్కడా వాళ్లే ఎదురయ్యారు. నెవిల్ డిసౌజా గోల్‌తో ముందు మనమే ఆధిక్యంలోకి వచ్చాం, చివరికి 4–1తో ఓడాం. ఆ రెండు జట్లకూ కోచ్ మన రహీం సాబ్. సిటీ పోలీస్ జట్టుతో వరసగా అయిదు రోవర్స్ కప్‌లు గెలిపించిన మనిషి. పది గోల్స్ తిన్న జట్టును నాలుగేళ్లలో ఒలింపిక్ సెమీస్‌కు తీసుకెళ్లడమంటే మాటలు కాదు. ఇక్కడున్న పెద్దవాళ్లు ఆయన గురించి నాకంటే బాగా చెప్పగలరు కాబట్టి ఆ కథలోకి వెళ్లను.

ఫరూక్ 1976లో ఎఫ్‌కే సరయేవో క్లబ్బులో చేరి 1985 దాకా అక్కడే ఉన్నాడు. అప్పట్లో అక్కడ ఒక నిబంధన ఉండేది. దాదాపు 28 ఏళ్లు నిండితే తప్ప ఆటగాళ్లను విదేశీ క్లబ్బులకు వెళ్లనిచ్చేవాళ్లు కాదు. దాని ఫలితం చూడండి. ఒక కుర్రవాడు పదేళ్లు ఒకే ఊళ్లో, ఒకే ప్రేక్షకుల ముందు ఆడేవాడు. ఇవాళ పందొమ్మిదేళ్లకే మూడు క్లబ్బులు మారుతున్నారు. అది మంచిదా చెడ్డదా అని నేను తేల్చను గానీ, ఆ రోజుల్లో లీగ్ మాత్రం గట్టిగా ఉండేది. బెల్‌గ్రేడ్ నుంచి రెడ్ స్టార్, పార్టిజాన్, జాగ్రెబ్ నుంచి డైనమో, స్ప్లిట్ నుంచి హైదుక్. ఈ నలుగురిని దాటి ఇంకెవరైనా టైటిల్ కొట్టడం గగనమే. సరయేవో 1967లో ఒకసారి కొట్టింది. మళ్లీ 1985లో కొట్టింది, అందులో ఫరూక్ ఉన్నాడు. అంతకు ముందు ఏడాదే ఆ ఊళ్లో శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. ప్రారంభోత్సవం జరిగిన కొషెవో స్టేడియంలోనే మరుసటి ఏడాది లీగ్ సంబరాలు. సరయేవో అంటే ప్రపంచానికి మంచు, స్కీయింగ్, పండగ అన్న పేరు వచ్చిన రోజులవి.

అతను ఆడిన స్థానం లిబెరో. ఇప్పటి పిల్లలకు ఈ మాట కొత్త కావచ్చు. డిఫెన్స్‌లో మిగతావాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో ఫార్వర్డ్‌ను పట్టుకుంటారు. లిబెరో మాత్రం ఎవర్నీ పట్టుకోడు, అందరి వెనకా నిలబడతాడు. ముందువాళ్లు చేసిన తప్పును సరిదిద్దడం అతని పని. స్టాపర్ జారిపడ్డాడా, బ్యాక్ పరుగులో వెనకబడ్డాడా, అక్కడికి ఇతను చేరాలి. బంతి దొరికాక గుడ్డిగా తన్నకుండా, తల ఎత్తి చూసి ముందుకు అందించాలి. బాగా ఆడిన రోజు లిబెరో ఎవరికీ కనపడడు. కనపడ్డాడంటే ఏదో కొంప మునిగిందన్నమాట. ఫరూక్ తర్వాతి జీవితమంతా ఇదే పని చేశాడని నాకనిపిస్తుంది. ఎలాగో చెప్తాను.

1985లో స్పెయిన్ వెళ్లి రియల్ బెతిస్‌కు రెండు సీజన్లు ఆడాడు. 1987లో ఫ్రాన్స్‌లోని సోషో చేరాడు. సోషో అంటే స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గరి ఫ్యాక్టరీ ఊరు. ప్యూజో కార్ల కంపెనీ పెట్టిన క్లబ్బు అది. ఫరూక్ వెళ్లేసరికి క్లబ్బు రెండో డివిజన్‌లో ఉంది. జట్టులో అతనితో పాటు మెహ్మెద్ బజ్దారెవిచ్ అని ఇంకో బోస్నియా ఆటగాడు, మిడ్‌ఫీల్డర్. మొదటి ఏడాదే పై డివిజన్‌కు ఎక్కారు. అదే ఏడాది, అంటే 1988లో, రెండో డివిజన్ జట్టుగా ఉంటూనే ఫ్రెంచ్ కప్ ఫైనల్‌కు వెళ్లి మెట్స్ చేతిలో పెనాల్టీల మీద ఓడారు. ఆ మరుసటి ఏడాది పై డివిజన్‌లో నాలుగో స్థానం. కింది నుంచి వచ్చిన జట్టు మొదటి ఏడాదే నాలుగో స్థానంలో నిలవడం ఏ లీగ్‌లోనైనా పెద్ద విషయమే. అతను 1994 దాకా సోషోలోనే ఉన్నాడు, తర్వాత ఒక సీజన్ తులూజ్‌లో ఆడి బూట్లు విప్పాడు. కోచ్‌గా మొదటి అడుగు కూడా సోషోలోనే వేశాడు.

ఇప్పుడు 1990కి వద్దాం.

మే 13న జాగ్రెబ్‌లో డైనమో, రెడ్ స్టార్ మ్యాచ్ మొదలు కాకముందే స్టాండ్స్‌లో కొట్లాట. పోలీసులు, లాఠీలు, మంటలు. మూడు వారాలకు అదే స్టేడియంలో జాతీయ జట్టు నెదర్లాండ్స్‌తో సన్నాహక మ్యాచ్ ఆడింది. సొంత దేశపు జాతీయ గీతం వస్తుంటే ప్రేక్షకులు ఈలలు వేసి వెక్కిరించారు. నెదర్లాండ్స్‌కు చప్పట్లు కొట్టారు. ఈ పరిస్థితిలో జట్టు ఇటలీకి బయల్దేరింది. కోచ్ ఇవిట్సా ఓసిమ్. ఆయనదీ సరయేవోనే, కాకపోతే ఎఫ్‌కే సరయేవోకు బద్ధ ప్రత్యర్థి జెల్యెజ్నిచార్ మనిషి. ఒక్కో రిపబ్లిక్ నుంచి ఒక్కో పత్రిక ‘మావాణ్ణి ఎందుకు ఆడించవు’ అని రోజూ ఆయన్ని పీక్కుతినేది.

మొదటి మ్యాచ్‌లో పశ్చిమ జర్మనీ 4–1తో చితక్కొట్టింది. తర్వాత కొలంబియా మీద 1–0 గెలుపు. ఈ మ్యాచ్‌లో జరిగినది చాలామంది మర్చిపోతారు. యుగోస్లావియాకు పెనాల్టీ వచ్చింది, కొట్టింది ఫరూక్. కొలంబియా గోలీ హిగీటా ఆపేశాడు. సరయేవోలో అతనితో కలిసి లీగ్ గెలిచిన దావర్ యోజిచ్ గోల్ కొట్టడంతో గండం గట్టెక్కింది. ఆ పై యూఏఈ మీద 4–1. ప్రి క్వార్టర్స్‌లో వెరోనాలో స్పెయిన్‌పై అదనపు సమయంలో 2–1. డ్రాగన్ స్టోయ్‌కోవిచ్ రెండు గోల్స్. మొదటి గోల్‌లో అతను షాట్ కొట్టేవాడిలా కాలు లేపి, డిఫెండర్‌ను నేల మీద జారనిచ్చి, నెమ్మదిగా బంతిని పక్కకు జరిపి కొట్టిన తీరు చూడనివాళ్లు ఇంటికెళ్లి తప్పకుండా చూడండి.

జూన్ 30, ఫ్లోరెన్స్. జూన్ చివరి ఎండ, ఎదురుగా మారడోనా. ముప్పయ్యో నిమిషం దాటగానే రెఫిక్ షబనజోవిచ్‌కు రెండో పసుపు కార్డు, బయటికి. అక్కణ్ణుంచి మిగిలిన గంట, ఆ పై అదనపు సమయం అరగంట, పది మందితో ఆడారు. అంతసేపూ ప్రపంచ చాంపియన్‌కు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ పది మందిలో వెనకాల నిలబడి డిఫెన్స్‌ను కూడగట్టింది ఫరూక్, యోజిచ్. యుగోస్లావియా ఆటే మెరుగ్గా ఉందని ఆ మ్యాచ్ పూర్తిగా చూసిన చాలామంది అంటారు. నేనూ అదే అంటాను. ఈ దాదాపు 90 నిమిషాల గురించి ఎవరూ పుస్తకం రాయలేదు మరి.

0–0. పెనాల్టీలు. ఎవరు కొడతారని ఓసిమ్ అడిగితే చాలామంది వెనకడుగు వేశారని ఆయనే తర్వాత చెప్పారు. మ్యాచ్ అర్జెంటీనాతో, సొంత దేశంలో పరిస్థితి నిప్పు మీద ఉంది, మిస్ చేస్తే ఏ రిపబ్లిక్ వాడు దేశాన్ని ముంచాడని లెక్కలు మొదలవుతాయి. ఆ టెన్షన్ అర్థం చేసుకోగలం. ఓసిమ్ కూడా పెనాల్టీలు చూడకుండా లోపలికి వెళ్లిపోయారు.

ఇక్కడ ఒక పిట్టకథ. అర్జెంటీనా గోల్‌కీపర్ గొయ్‌కొచియా అసలు రెండో గోలీ. పంపీడో కాలు విరిగితే జట్టులోకి వచ్చాడు. ఆ రోజు షూటౌట్ ముందు అతనికి ఒంటికి వచ్చింది. బయటికి వెళ్లే వీల్లేదు. మైదానంలోనే, తోటి ఆటగాళ్లు చుట్టూ నిలబడితే పని కానిచ్చేశాడు. గెలిచాక అదే సెంటిమెంట్ అయి కూర్చుంది, సెమీ ఫైనల్లో ఇటలీ మీద పెనాల్టీల ముందు కూడా అదే చేశాడు. నేను కల్పించింది కాదు, అతనే చెప్పుకున్నాడు. (నవ్వులు)

సరే, షూటౌట్. అర్జెంటీనా ముందు. సెరిజువేలా గోల్. మన వైపు స్టోయ్‌కోవిచ్, ‘మన వైపు’ అనేశాను చూశారా, అతని షాట్ క్రాస్‌బార్‌కు తగిలింది. బురుచాగా గోల్. ప్రొసినెచ్కి గోల్. 2–1. ఇప్పుడు మారడోనా. అంతకు ముందు ఏడాది యూఈఎఫ్‌ఏ కప్‌లో ఇదే యుగోస్లావియా గోలీ ఇవ్‌కోవిచ్ ‘ఆపుతాను, వంద డాలర్లు పందెం’ అని మారడోనాతో పందెం కాసి ఆపేశాడు. ఇప్పుడు మళ్లీ ఆపాడు. సవిచెవిచ్ గోల్, 2–2. ట్రోగ్లియో షాట్ పోస్ట్‌కు తగిలింది. ఇప్పుడు గోల్ పడితే ఆధిక్యం యుగోస్లావియాది. బర్నోవిచ్ కొట్టాడు, గొయ్‌కొచియా ఆపేశాడు. డెజొట్టి గోల్, 3–2. చివరగా ఫరూక్. గొయ్‌కొచియా ఆపాడు. అయిపోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. ఫరూక్ గోల్ కొట్టి ఉంటే ఏమయ్యేది? 3–3. అంతే. యుగోస్లావియా గెలిచేది కాదు, షూటౌట్ సడన్ డెత్‌లోకి, అంటే ఒక్కో జత కిక్కుతో తేల్చే దశలోకి వెళ్లేది. దేశాన్ని నిలబెట్టే గోల్ అని కథలు చెప్పుకునే ఆ షాట్ పడినా ఆ మ్యాచ్ కూడా తేలేది కాదు. ఒకవేళ సడన్ డెత్‌లో గెలిచినా, సెమీస్ ఇటలీతో, ఇటలీ గడ్డ మీద, నేపుల్స్‌లో. ఆధిక్యంలోకి వెళ్లే అవకాశం వదులుకున్నది నాలుగో షాట్‌లో. మొదటి షాట్ మిస్ చేసింది జట్టులోకెల్లా గొప్ప ఆటగాడు. కానీ బర్నోవిచ్ పేరు మీద ఎవరూ పుస్తకం రాయలేదు, స్టోయ్‌కోవిచ్‌ను ఎవరూ తప్పుపట్టలేదు. ఆఖరున కొట్టినవాడికే పాపమంతా చుట్టుకుంది. అందులోనూ అతను రెండు వారాల కిందటే హిగీటా ముందు మిస్ చేసినవాడు. అయినా వచ్చాడు. కొట్టనని తప్పుకున్నవాళ్లు హాయిగా ఉన్నారు. నాకు ఆ కిక్కులో కనిపించేది ఇదే, మిగతాదంతా జనం తర్వాత అతికించుకున్నది.

మరి ఒక ప్రపంచ కప్ గెలిస్తే యుద్ధం ఆగేదా? జాగ్రెబ్‌లో జాతీయ గీతానికి ఈలలు పడింది టోర్నమెంట్‌కు ముందు. అదే ఏడాది రిపబ్లిక్‌లలో ఎన్నికలు జరిగి, ఒక్కో చోట ఒక్కో జాతీయవాద పార్టీ పైకొచ్చింది. సైన్యం ఎవరి చేతిలో ఉండాలి, డబ్బు ఎవరు పంచాలి అన్న గొడవలు గోల్‌పోస్టుల మధ్య తీరేవి కావు. 1991 జూన్‌లో స్లొవేనియా, క్రొయేషియా స్వాతంత్ర్యం ప్రకటించాయి, కాల్పులు మొదలయ్యాయి. అయినా జాతీయ జట్టు ఆడుతూనే ఉంది. 1992 యూరో కప్‌కు అర్హత కూడా సాధించింది. 1992 మార్చి 25న ఆమ్‌స్టర్‌డామ్‌లో నెదర్లాండ్స్ చేతిలో 2–0 ఓటమి. ఫరూక్‌కు అదే ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్, ఆ పాత యుగోస్లావియా జట్టుకు కూడా అదే ఆఖరిది. రెండు వారాలు తిరక్కుండా సరయేవో ముట్టడి మొదలైంది. మే నెలలో ఓసిమ్ కోచ్ పదవికి రాజీనామా చేశారు. నా ఊరి కోసం నేను చేయగలిగింది ఇదొక్కటే అన్నారు, ఆ ఊళ్లో ఏం జరుగుతోందో మీకు తెలుసు కదా అని కూడా అన్నారు. మే 30న ఐక్యరాజ్యసమితి ఆంక్షలు వచ్చాయి. యూరో నుంచి యుగోస్లావియాను పంపేసి, అర్హత గ్రూపులో వాళ్ల వెనక నిలిచిన డెన్మార్క్‌ను పిలిచారు. డెన్మార్క్ కప్పే ఎత్తుకుపోయింది.

సరయేవో ముట్టడి 1,425 రోజులు సాగింది. జెల్యెజ్నిచార్ స్టేడియం ఉన్న గ్రబావిత్సా సరిగ్గా యుద్ధ రేఖ మీద పడింది. ఒలింపిక్స్ జరిగిన కొషెవో, జెత్రా పక్కనున్న మైదానాలు శ్మశానాలయ్యాయి, చోటు చాలక అక్కడ పూడ్చారు. ఫరూక్ పాత జట్టుమనిషి ప్రెద్రాగ్ పాషిచ్ ఊరు వదలకుండా, షెల్లింగ్ మధ్యే పిల్లలకు ఫుట్‌బాల్ స్కూల్ పెట్టాడు. పేరు బుబమారా. ఎవరి మతం, ఎవరి జాతి అని అడగకుండా పిల్లల్ని చేర్చుకున్నాడు. నన్నడిగితే బాల్కన్ ఫుట్‌బాల్‌లో పుస్తకం రాయాల్సిన కథ అది. ఫరూక్ ఆ ఏళ్లలో ఫ్రాన్స్‌లో ఆడుతున్నాడు, ప్రతి శనివారం ఫ్యాక్టరీ ఊరి జనం ముందు. బోస్నియా జట్టు మొదటి అధికారిక మ్యాచ్ ఆడింది 1995 నవంబర్ 30న, టిరానాలో అల్బేనియా మీద, 2–0 ఓటమి. అప్పటికి ఫరూక్‌కు 38 ఏళ్లు, ఆట వదిలేశాడు. సొంత దేశం పుట్టేసరికి ఆడే వయసు దాటిపోయింది.

ఇక కోచ్‌గా. ఇక్కడ నేను అతన్ని మోసేయబోవడం లేదు. ట్రోఫీలు వెతికితే పెద్దగా దొరకవు. ఎక్కడెక్కడ పని చేశాడో చూస్తేనే మనిషి అర్థమవుతాడు. క్రికెట్ తెలిసినవాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే నైట్ వాచ్‌మన్. చీకటి పడుతోంది, వికెట్లు పడుతున్నాయి, అసలు బ్యాట్స్‌మన్ దిగనంటాడు, అప్పుడు ప్యాడ్లు కట్టుకునేవాడు.

బోస్నియాకు మొదటిసారి కోచ్ అయింది 1999లో, యూరో 2000 అర్హత పోటీల మధ్యలో. ఎక్కువ కాలం ఉండలేదు. 2000లో బెతిస్ నుంచి పిలుపు. ఆ సీజన్ మొదలుపెట్టిన కోచ్ వెళ్లిపోయాడు, తర్వాత వచ్చిన గూస్ హిడింక్‌నూ పంపేశారు. హిడింక్ అంతకు ముందే నెదర్లాండ్స్‌ను ప్రపంచ కప్ సెమీస్ దాకా తీసుకెళ్లినవాడు. అంతటివాడి వల్లే కానిదాన్ని చివరి కొద్ది మ్యాచ్‌ల కోసం ఫరూక్ చేతిలో పెట్టారు. బెతిస్ కింది డివిజన్‌కు పడిపోయింది. ఫ్రాన్స్‌లో ఆ తర్వాత నియోర్, డీజోన్, బాస్టియా, వాలెన్సియెన్స్, రెడ్ స్టార్ (ఇది బెల్‌గ్రేడ్‌ది కాదు, పారిస్ పక్కది). ఎక్కువగా రెండో డివిజన్, ఎక్కువగా సీజన్ మధ్యలో, ముందున్న కోచ్ ఉద్యోగం ఊడిన తర్వాత.

వీటన్నిటిలోకీ ఆర్ల్-అవిన్యోన్ కథ విచిత్రమైనది. దక్షిణ ఫ్రాన్స్‌లో చిన్న క్లబ్బు. కొద్ది ఏళ్ల కిందటే అమెచ్యూర్ లీగ్‌లో ఉండేది, వరసగా ఎక్కుకుంటూ 2010లో పై డివిజన్‌కు వచ్చేసింది. డబ్బు లేదు, అంత పెద్ద లీగ్ ఆడిన అలవాటు లేదు. సీజన్ మొదలవగానే ఓటముల మీద ఓటములు. వాళ్లను పైకి తెచ్చిన కోచ్‌ను తీసేసి ఫరూక్‌ను పిలిచారు. ఏ కోచ్‌కైనా ముందే తెలుసు, ఆ ఓడ మునిగేదేనని. సీజన్ మొత్తానికి 20 పాయింట్లు, ఆఖరి స్థానం. పట్టికలో అతని పేరు పక్కన పడిపోయిన జట్టు అనే ఉంటుంది. పైన లియాన్, మార్సెయ్ లాంటి క్లబ్బుల్లో ఓ ఖాళీ వస్తే ఇతన్ని పిలిచారా అంటే లేదు. పిలవకపోవడానికి కారణం ఈ పట్టికే. ఈ పట్టిక ఇలా ఉండటానికి కారణం అలాంటి ఉద్యోగాలే ఒప్పుకోవడం. ఇందులో కొంత అతని స్వభావం, కొంత అతని గ్రహపాటు. ఏది ఎంతో నేను విడదీయలేను.

2019లో మాంటెనెగ్రో. అంతకు ముందున్న కోచ్ టుంబకోవిచ్ కొసావోతో మ్యాచ్ రోజు జట్టుతో రానన్నాడు, రాజకీయ కారణాలు. వెంటనే తీసేశారు. ఆ కుర్చీలోకి ఎవర్ని తెచ్చారు? ఫరూక్‌ను. తెచ్చిన ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు ఎవరనుకున్నారు? డెయాన్ సవిచెవిచ్. ఫ్లోరెన్స్‌లో మూడో పెనాల్టీ గోల్ కొట్టినవాడు, అయిదోది మిస్ చేసినవాణ్ణి ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత పిలిచి జట్టు అప్పజెప్పాడు. జనం మర్చిపోనిదాన్ని పక్కనే నిలబడ్డవాడు ఎలా గుర్తుపెట్టుకున్నాడో దీన్నిబట్టి తెలుస్తుంది.

మాటొచ్చింది కాబట్టి, ఆ కిక్కులు కొట్టినవాళ్లు తర్వాత ఎక్కడెక్కడ తేలారో చూడండి. స్టోయ్‌కోవిచ్ సెర్బియాకు కోచ్ అయ్యాడు. ప్రొసినెచ్కి, తండ్రి క్రొయేషియన్, తల్లి సెర్బియన్, బోస్నియాకు కోచ్ అయ్యాడు, తర్వాత మాంటెనెగ్రోకూ అయ్యాడు. సవిచెవిచ్ మొదట కోచ్, తర్వాత అధ్యక్షుడు. ఫరూక్ బోస్నియా, మాంటెనెగ్రో. కొసావోను కూడా లెక్కేస్తే దేశం ఏడు ముక్కలైంది గానీ వీళ్లు మాత్రం ఒకరి ఇంట్లోంచి ఒకరి ఇంట్లోకి తిరుగుతూనే ఉన్నారు.

మాంటెనెగ్రోతో వెంబ్లీలో ఇంగ్లండ్ చేతిలో 7–0 ఓటమి ఉంది. 2019 నవంబర్ 14, ఇంగ్లండ్‌కు అది వెయ్యో అంతర్జాతీయ మ్యాచ్. పండగ వాళ్లది, చావుదెబ్బ ఇతనిది. కానీ మరుసటి ఏడాది నేషన్స్ లీగ్‌లో అదే జట్టును గ్రూపు మొదటి స్థానంలో నిలిపి పై లీగ్‌కు తీసుకెళ్లాడు. ఏడు గోల్స్ తిన్న సంగతి అందరికీ తెలుసు, ఇది తెలిసినవాళ్లు తక్కువ.

2023 జనవరిలో మళ్లీ బోస్నియా పిలిచింది, అప్పటికి అతనికి 65 ఏళ్లు. బోస్నియా ఫుట్‌బాల్ సంఘం సంగతి కొంచెం చెప్పాలి. యుద్ధం తర్వాత దేశానికి ఎలాగైతే ముగ్గురు అధ్యక్షులో, సంఘానికీ ఏళ్ల తరబడి ముగ్గురు అధ్యక్షులు. ఒకరు బోస్నియాక్, ఒకరు సెర్బ్, ఒకరు క్రొయేట్. ఫిఫా విసిగిపోయి 2011 ఏప్రిల్‌లో సస్పెండ్ చేస్తే, వాళ్లందర్నీ కూర్చోబెట్టి ఒప్పించడానికి మళ్లీ ఓసిమే దిగాల్సి వచ్చింది. రెండు నెలల్లోపే సస్పెన్షన్ తీయించారు. అలా దారి తెరుచుకున్న జట్టే సఫెత్ సుషిచ్ కోచింగ్‌లో 2014 ప్రపంచ కప్‌కు వెళ్లింది. ఆ తర్వాత మళ్లీ మామూలే, కోచ్‌లు వస్తూ పోతూ.

ఫరూక్ రెండో ఇన్నింగ్స్ యూరో 2024 అర్హత పోటీలతో, మార్చి 23న బోస్నియాలోని జెనిత్సాలో మొదలైంది. ఐస్‌లాండ్ మీద 3–0, క్రునిచ్ రెండు గోల్స్. ఊరంతా సంబరం. మూడు రోజులకు స్లొవేకియా చేతిలో 2–0. జూన్‌లో లిస్బన్‌లో పోర్చుగల్ చేతిలో 3–0. అది సరే, పోర్చుగల్ చేతిలో ఎవరైనా ఓడతారు. మరో మూడు రోజులకు సొంత మైదానంలో లక్సెంబర్గ్ చేతిలో 2–0. దాంతో కథ ముగిసింది.

నా ప్రసంగం ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: ఇలాంటి కోచ్ మన దేశానికి వస్తే బాగుపడతామా సార్?)

అలాంటివారొకరు వచ్చి వెళ్లారు కదండీ. ఇగోర్ స్టిమాచ్. 2019 నుంచి 2024 దాకా మన జాతీయ జట్టు కోచ్. అతనూ డిఫెండరే, 1987లో చిలీలో అండర్-20 ప్రపంచ కప్ గెలిచిన యుగోస్లావియా జట్టులో ఉన్నాడు. తర్వాత క్రొయేషియాకు ఆడాడు. బాగుపడ్డామో లేదో మీరే చూశారు. కోచ్ ఎక్కడివాడన్నది తర్వాతి సంగతి. ఫరూక్ కుర్రవాడిగా ఉన్నప్పుడు పదేళ్ల పాటు వారం వారం ఆడటానికి గట్టి లీగ్ ఉండేది. మన కుర్రవాళ్లకు ఏడాదికి ఎన్ని గట్టి మ్యాచ్‌లు దొరుకుతున్నాయో ముందు అది చూడండి.

(మరొకరు: 2023లో ఆయన్ని తీసేయడం అన్యాయమంటారా?)

నాలుగు మ్యాచ్‌లతో ఒక కోచ్‌ను తేల్చేయడం తొందరపాటే. ఆ ఏడాది ఫరూక్ తర్వాత మెహో కొద్రోను తెచ్చారు, ఆయన కొన్ని వారాలే ఉన్నాడు. తర్వాత సావో మిలోషెవిచ్. ఒకే ఏడాదిలో ముగ్గురు. ఆ గ్రూపులో లక్సెంబర్గ్ మూడో స్థానంలో నిలిచింది, బోస్నియా అయిదో స్థానంలో. 2024 మార్చిలో ప్లేఆఫ్‌లో యుక్రెయిన్ చేతిలో, అదే జెనిత్సాలో, ఆఖరి నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చుకుని ఓడారు. అంటే జబ్బు కోచ్ దగ్గర లేదు. కానీ లక్సెంబర్గ్ మ్యాచ్‌కు మాత్రం నేను సాకు వెతకను. ఇంటి దగ్గర, జెకో లాంటి స్ట్రైకర్ ఉన్న జట్టు ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయింది. అది ఫరూక్ ఖాతాలోనే వేస్తాను.